గుంటలో ఒక గింజ

రెబెకా టీచరుకు ఏదైనా ఉపాయం దొరికిందంటే దాన్ని పిండి పిప్పి చేసేదాకా వదలదు. ఈ ఏడాది వామనగుంటలు దొరికాయి. మార్కాపురం గనుల్లో పనికిరాదని పారేసిన పలకరాయి తెప్పించి, రెండు వరసల్లో పద్నాలుగు గుంటలు తొలిపించింది. గుంటకు ఐదు చింతగింజలు. లెక్కలు దాంతోనే, సైన్సులో విత్తనాల పాఠమూ దాంతోనే. సోషల్ పీరియడ్‌లో గుంటకొక ఊరి పేరు పెట్టి, దర్శిలో తీసిన గింజల్ని దొనకొండ, త్రిపురాంతకం మీదుగా పంచుకుంటూ పొమ్మనేది. పిల్లలు అన్నం గంట కొట్టినా లేచేవాళ్లు కాదు.

చిక్కంతా శివానితోనే వచ్చింది. దోర్నాల అవతల అడవిలోని చెంచుగూడెం పిల్ల, హాస్టల్లో ఉండి నాలుగో తరగతి చదువుతోంది. ఆటలో ఒక గుంటలోని గింజలన్నీ తీసి, ముందు గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలోవి మనవి. శివాని మాత్రం ఆరు గింజల గుంటలోంచి ఐదే తీసేది.

"అందులో ఎన్నున్నాయే?"

"ఆరు టీచర్."

"నువ్వెన్ని తీసినావు?"

"ఐదు."

"మరి ఆరూ తియ్యాల గదా?"

పిల్ల తల వంచుకునేది. లెక్క రాదా అంటే వచ్చు. వచ్చా అంటే మళ్లీ తప్పే. రెబెకాకు తల తిరిగిపోయింది. విసుగులో ప్రోగ్రెస్ కార్డు మీద 'లెక్కల్లో బాగా వెనకబడింది' అని రాసి పంపింది.

ఆ కార్డు ఎవరో చదివి చెప్పినట్టున్నారు, వారానికి శివాని తండ్రి చెంచయ్య ఫోన్ చేశాడు. "సదువు రానప్పుడు హాస్టల్లో ఎందుకమ్మా? శనివారం వచ్చి తీసుకపోతా."

రెబెకా నాలిక్కరుచుకుంది. క్లాసులో తెలుగు పుస్తకం తడబడకుండా చదివేది ఈ పిల్లే. తన చేత్తో రాసిన ఒక్క ముక్కకు బడి మానేస్తే ఆ పాపం ఎక్కడ కడుక్కోవాలి? శనివారం దాకా రోజూ సాయంత్రం కూర్చోబెట్టి నేర్పింది. "ఊడ్చెయ్యాల తల్లీ. ఒక్క గింజ కూడా ఉంచగూడదు." పిల్ల నేర్చుకుంది.

శనివారం చెంచయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. శివాని ట్రంకుపెట్టె సర్దుకునే ఉంది. రెబెకా పిల్లను బెన్నీ అనే పిల్లవాడితో ఆటకు దింపింది. శివాని గుంట తర్వాత గుంట ఊడ్చేసి, బెన్నీ గింజలు సగం లాగేసుకుంది. రెబెకా ముఖం వెలిగిపోయింది. చెంచయ్య ముఖం మాడిపోయింది.

"ఇంక పెట్టె ఎత్తుకో పాప. ఈడ ఉండొద్దు."

రెబెకా నోరు వెళ్లబెట్టింది. "అదేందన్నా! లెక్క వచ్చేసింది గదా!"

"అంతా ఊడ్చేస్తాండాదమ్మా! అడవిలో గడ్డ తవ్వితే తల మళ్లా పూడ్చాల, తేనె దింపితే పట్టులో ముక్క చెట్టుకే వదలాల. ఇంటికాడ ఈ ఆట నేర్పింది నేనే. గుంటలో ఒకటి ఉంచమని చెప్పే నేర్పినా. మీ బడికొచ్చి అది మరిచిపోయినాది."

రెబెకాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇన్నాళ్లూ పిల్లను ఏడిపించుకుతిన్నది తానే. గబగబా శివాని పక్కన కూర్చుంది. "ఒకటి ఉంచు తల్లీ, మీ నాయన చెప్పినట్టే ఆడు."

ఆ మాటకు చెంచయ్య ఇబ్బందిపడ్డాడు. "వద్దులే, టీచరమ్మ ముందర టీచరమ్మ నేర్పినట్టే ఆడు."

పిల్ల చెయ్యి గుంట మీదే ఆగిపోయింది. వీళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుని, "ఎవురి మాట వినేది నేను? ముందు మీరిద్దరూ ఆడి తేల్చుకోండి!" అని పలకరాయిని వాళ్ల మధ్యకు నెట్టింది.

ఏం చెయ్యాలో తోచక ఇద్దరూ ఆడారు. చెంచయ్య పద్ధతే. తీసిన ప్రతి గుంటలో ఒకటి ఉంచడం, మిగిలినవి పంచుకుంటూ పోవడం. గంటసేపు ఆడినా ఇటు గింజ అటు గెలుచుకున్నది లేదు. ఎంత ఆలోచించినా రెబెకాకు ఇది అంతుపట్టలేదు.

"అన్నా, ఇట్ల ఆడితే ఒక్క గుంటా ఖాళీ కాదు. ఎవరూ గెలవరు. మరి ఆట ఎప్పుడు అయిపోతాది?"

చెంచయ్య ఆమె అడిగింది అర్థం కానట్టు చూశాడు.

"అయిపోవడమెందుకమ్మా?"

రోడ్డు మీద దోర్నాల బస్సు హారన్ కొట్టింది. చెంచయ్య తువ్వాలు దులుపుకుని లేచాడు. శివాని కూడా ట్రంకుపెట్టె ఎత్తుకుని వెంటపడింది.

"నువ్వేడికే?" అన్నాడు చెంచయ్య. "ఆట నడుస్తాండాది గదా. నా వంతు నువ్వు ఆడుతుండు, మళ్ల శనివారం వస్తా."

అని ఒక్కడే పోయి బస్సెక్కాడు.