పునుగుపిల్లికి దండం

రెండో ప్రపంచయుద్ధ కాలంలో మద్యనిషేధం ఎత్తేశాక రేణిగుంట ఈతవనంలో కల్లుగీత మళ్ళీ మొదలైంది. ఒకడు కట్టిన కుండను ఇంకొకడు తాకితే చెయ్యి నరకడం ఆ వనం కట్టుబాటు. ఆ పొద్దున దొరస్వామి చెట్టెక్కితే కుండ మళ్ళీ ఖాళీ. కల్లు పోయేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి. పక్క చెట్లు గీసేది సొంత బావమరిది చెంగయ్య. దొరస్వామి గీతకత్తితో దిగాడు.

"నా కుండలో మూతి పెడతావేంరా, చెంగా!"

"ఒట్టు బావా, నేను తాగలా!"

తాగినవాడు ఊగాలి గానీ, ఇక్కడ తాగనివాడే కోపంతో ఊగిపోతున్నాడు. దొరస్వామి చెంగయ్య జుట్టు పట్టి చెట్టుకేసి బాదాడు. ముక్కు పగిలింది. కుడిచేతిని నేలకు అదిమి కత్తి దించాడు. చెంగయ్య మెలితిరగడంతో చెయ్యి మిగిలింది గానీ, రెండు వేళ్ళు తెగి ఇసుకలో పడ్డాయి. కేకలకు జనం పరుగెత్తుకొచ్చారు.

అప్పుడే పక్క చెట్టు మట్టల్లోంచి పొడుగుతోక పునుగుపిల్లి ఒకటి జారి, వాళ్ళ మధ్య ధబ్బున పడింది. మూతినిండా కల్లు నురగ. లేవబోయి మళ్ళీ కూలబడింది.

"సూడండప్పా," అన్నాడు చెంగయ్య, చేతికి తలగుడ్డ చుట్టుకుంటూ. "ఇది పండ్లకని చెట్టెక్కతాది, కుండ కనబడితే కల్లు తాగతాది. దొంగ ఇది, నేను గాదు."

దొరస్వామి దానిమీదికి కత్తెత్తాడు. అతని భార్య పోలేరమ్మ, చెంగయ్యకు తోడబుట్టిన అక్క, ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా! కొండమీద సామికి పునుగు తైలమిచ్చే పిల్లి. కొడితే పాపం!"

దొరస్వామి కత్తి పడేసి చేతులు జోడించాడు. జనమూ జోడించారు. పిల్లి తూలుకుంటూ పొదల్లోకి పోయింది.

"బాగుండాదక్కా," అన్నాడు చెంగయ్య. "తాగినదానికి దండం, తాగనోడికి దండన. నేనూ దండం పెడదామంటే వేళ్ళు సాలవే!"