బూదవ్వ రెండు క్యాసెట్లు

నేను ఒక టేపు రికార్డరును. పుట్టింది జపానులో, మాట నేర్చింది దుబాయిలో, బుద్ధి తెలిసింది మాత్రం కరీంనగర్ జిల్లాలో. మనుషులు తామన్న మాట తామే మరిచిపోతుంటారు కదా, అందుకే నాలాంటిదొకటి కావలసివచ్చింది. విన్నది విన్నట్టు అప్పజెప్పడంలో నాతో పోటీకి రాగలిగినవాళ్ళెవరూ లేరు, చెప్పేస్తున్నా!

నా తొలి యజమాని ఈరాగౌడు నన్ను దుబాయి నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. ఇంట్లోకి టీవీ దిగగానే మూలకు నెట్టాడు. మనుషుల ప్రేమ అంతే, కొత్త పెట్టె వచ్చేదాకా. అప్పుడు హేమలత అనే పరిశోధక విద్యార్థిని నన్ను కొనుక్కుంది. దొరల గడీల్లో, అంటే వాళ్ళ కోటల్లాంటి ఇళ్ళల్లో, బానిస బతుకు బతికి బయటపడ్డవాళ్ళ కథను వాళ్ళ నోటితోనే చరిత్రకెక్కించాలని ఆమె పట్టుదల.

మొదట బూదవ్వ. ఆమె ఆడబాప, అంటే గడీలో దాసి. చిన్నప్పుడు దొర కూతురి పెళ్ళిలో ఆవులతో పాటు అరణంగా ఇచ్చి అల్లుడి ఊరి గడీకి పంపేసిన పిల్ల. హేమలత ఆమె గుడిసెకే బయల్దేరింది గాని, దారిలో నా బ్యాటరీలు చచ్చాయి. బూదవ్వ వాడలో కరెంటు లేదు. ఉన్నది ఆ గడీలోనే. అక్కడి దొర మనుమడు మహా మర్యాదస్తుడు. చాయ్ తాగించాడు, ప్లగ్గు చూపించాడు, బూదవ్వను పిలిపించాడు. తానూ ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మంచిగ జూస్కున్నరు బిడ్డా. కడుపునిండ బువ్వ వెట్టిన్రు. సొంత బిడ్డ లెక్కనే జూసిన్రు," అంది బూదవ్వ.

"అంతేనా అవ్వా?" అంది హేమలత.

"గంతే."

దొర మనుమడు పొంగిపోయాడు. ఆ మాటలు తమ వంశచరిత్ర పుస్తకంలో వేయించుకుంటానని కాపీ అడిగాడు. తమ ఇంట్లో బానిసలే లేరనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

హేమలతకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు కొత్త బ్యాటరీలు వేసి, నన్ను చంకనేసుకుని గుడిసెకే వెళ్ళి, ఆ క్యాసెట్ వినిపించింది. తన గొంతు తాను వినడం బూదవ్వకు అదే మొదలు. ముందు పకపకా నవ్వింది. 'సొంత బిడ్డ లెక్కనే' అన్నచోట నవ్వాగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"పోనియ్యి అవ్వా, దీన్ని చెరిపేసి మళ్ళా చెప్పు. రెండు తీర్ల మాటలుంటే ఎవరూ నమ్మరు," అంటూ హేమలత నా మీట మీద వేలు పెట్టింది. నాకు గుండె ఆగినంత పనైంది. చదువుకున్నవాళ్ళకు శుభ్రం చేయడమంటే ఎంత సరదానో!

బూదవ్వ ఆ చెయ్యి పట్టేసింది.

"చెరపకు బిడ్డా. గదీ నా మాటనే. దొరతనం వోయి ఎన్నేండ్లాయె? అయినా ఆయన ముంగట నా నోరు గట్లనే తిరిగింది. మమ్ముల ఎంత భయంల వెట్టిన్రో గది ఇంటెనే ఎర్కయితది. ఇంకోటి వెయ్యి, చెప్త."

హేమలత కొత్త క్యాసెట్ వేసింది. బూదవ్వ నాకు దగ్గరగా జరిగింది.

"నన్ను బండెక్కించిన నాడు మా అమ్మ బండెంబడి ఉరికింది. వాగుకాడ దొర మనుషులు ఆపిన్రు. మల్ల అమ్మ మొఖం జూడలే. వాళ్ళు బువ్వ వెట్టిన్రు, అబద్ధంగాదు. మా అమ్మ చేతి బువ్వ తిననియ్యలే."

ఎన్నో పాటలు విన్నాను గాని, నాలో ఇంత బరువుగా తిరిగిన టేపు మరొకటి లేదు.

ఇప్పుడు నా మోటారు పాడైంది, విశ్వవిద్యాలయంలో అద్దాల పెట్టెలో దర్జాగా కూర్చున్నాను. పిల్లలు వచ్చి ఆ రెండు క్యాసెట్లనూ కంప్యూటరులో వరసగా వింటారు. ఏది నిజమని వాదులాడుకుంటారు. వాదులాడుకోనీండి, వింటున్నారు కదా!

దొర మనుమడికి కాపీ పంపే రోజున బూదవ్వ ఒకటే మాట చెప్పమంది: "ఏస్తె రెండూ ఎయ్యాలె." హేమలత రెండూ పంపింది. ఆయన పుస్తకం అచ్చయింది. గుర్రాల గురించి నాలుగు పేజీలున్నాయట, బూదవ్వ గురించి ఒక్క ముక్క లేదు. 'సొంత బిడ్డ లెక్కనే' అన్న మాటా లేదు. వేసుకునే ధైర్యం ఆయనకు చాలలేదు.