నిలబడే చోటు

ఈస్టరు ముందురోజు శనివారం. పాతపట్నంలో క్రైస్తవుల సమాధుల తోట చీపుళ్ళతో, సున్నం బకెట్లతో, టీ ఫ్లాస్కులతో సందడిగా ఉంది. ఎవరి సమాధికి వాళ్ళు సున్నం వేసుకుంటున్నారు. మర్నాడు సూర్యోదయ ఆరాధనలో ఎవరి సమాధి దగ్గర వాళ్ళు కొవ్వొత్తి వెలిగించి నిలబడాలి. పాస్టరుగారు వరసల వెంట నడుస్తూ పోయినవాళ్ళ పేర్లు పైకి చదువుతారు. సమాధుల్లోంచి అందరూ లేచే రోజున ఒక్క పేరూ తప్పిపోకూడదని ఆ సంఘం పెట్టుకున్న ఆనవాయితీ అది.

స్వర్ణకి ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు.

ఆమె తల్లి జ్ఞానసుందరిది మట్టి సమాధి. సిమెంటుతో కట్టిద్దాం, వచ్చే ఏడు కట్టిద్దాం అనుకుంటూ ఉండగానే తిత్లీ తుఫాను వచ్చింది. మహేంద్రతనయ నది పొంగి వెనక గోడ పడగొట్టుకుని తోటలోకి వచ్చింది. కర్ర సిలువలన్నీ కొట్టుకుపోయాయి. మట్టి సమాధులు కరిగి, ఎవరివో తెలియని దిబ్బలుగా మిగిలాయి.

"ఇదేనే మీ అమ్మది," అన్నాడు మేనమామ ఎలీషా. సంఘంలో పెద్ద ఆయన. సొంత చెల్లెలి సమాధి తనకి తెలియకుండా పోతుందా అన్న ధీమా ఆ గొంతులో.

"పొద్దున్న ఆ వేపచెట్టు కాడిది అన్నావు కదా మావా?"

"పొద్దున్న ఎండ మొగం మీద కొట్టీసినాది. సరిగ్గా కనపణ్ణేదు."

"మరిప్పుడు?"

"ఒసే, నీకేటి పట్టినాదే? ఏదో ఒకదానికి సున్నం ఎయ్యి. తప్పు దిబ్బ దగ్గిర నిలబడ్డావని మీ అమ్మ లెగడం మానేస్తాదేటి?"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. స్వర్ణా నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ దిబ్బల మధ్య నడవడం మొదలుపెట్టింది.

పూడ్చిన రోజు గుర్తు తెచ్చుకోవాలని చూసింది. కాలివేలిని కరిచిన చెప్పు గుర్తొచ్చింది. పక్కన నిలబడిన ఎవరిదో ఆకుపచ్చ చీర అంచు గుర్తొచ్చింది. గొయ్యి ఎటువైపు ఉందో మాత్రం రాలేదు. అక్కర్లేనివన్నీ దాచుకుని, కావలసిన ఆ ఒక్కటీ పోగొట్టుకున్న ఈ మనసుని ఎలా నమ్మడం? చోటే తప్పయితే, కళ్ళు మూసుకుంటే కనిపించే అమ్మ ముఖం మాత్రం సరైనదేనని ఏమిటి నమ్మకం? శ్రీకాకుళంలో బడిపిల్లలకి జవాబులు చెప్పి బతికే మనిషి ఆమె. ఈ ఒక్క ప్రశ్న ఆమెని ఒకచోట కుదురుగా ఉండనివ్వడం లేదు.

పడిపోయిన గోడ వారగా ఉన్న చిన్న దిబ్బ దగ్గర ఆమె గుండె కాస్త నెమ్మదించింది. ఇదే అయ్యుండాలి. నీడగా ఉండటం వల్ల అలా అనిపించిందేమో అన్న అనుమానమూ వెంటనే వచ్చింది. దాన్ని తోసేసి, మట్టి మెత్తి, గబగబా సున్నం పూయసాగింది.

"అక్కా, అది మా బాబుదక్కా."

గోడ పడిన చోటున ఒకామె పాలగ్లాసుతో నిలబడి ఉంది. బజారులో కిరాణా కొట్టు లక్ష్మణరావు భార్య, గౌరి. పుట్టగానే పోయిన పసిగుడ్డుని తమ ఆచారం ప్రకారం కాల్చకూడదని, పాత పాస్టరుగారిని అడిగి వాళ్ళు ఇక్కడే పూడ్చిన సంగతి ఊరందరికీ తెలుసు. తల్లిని వెతుక్కునే తొందరలో స్వర్ణకి అది తట్టనే లేదు.

జాలి కలగాల్సిన చోట ఆమెకి కోపం వచ్చింది.

"నీకు రూఢిగా తెలుసేటి?"

గౌరి గ్లాసులోకి చూసింది. "తెల్దక్కా. పూడ్సినప్పుడు నాను రానేదు కదా. మాలో ఆడోళ్ళని కాటికి రానివ్వరు. గోడ వార, మందారం పక్కన అని ఆయన సెప్పినాడు. ఇప్పుడా మందారమూ పోనాది."

"మరి ఇన్నాళ్ళూ?"

"ఎక్కడో ఒకకాడ కూకోవాలి కదా."

గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుని, "మీ అమ్మగారిదే అనుకుంటే ఉంచీయండి. ఈ పాలు పోసీసి ఎల్లిపోతాను," అంది.

ఆమె గట్టిగా దెబ్బలాడితే బాగుండేది. ఓడిపోయి ఇంకో దిబ్బ వెతుక్కోవచ్చు. ఇలా వదిలేసి పోతుంటే స్వర్ణకి గెలిచినట్టూ లేదు. కుంచె పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఉండు," అంది చివరికి. "అటుపక్క నువ్వెయ్యి." కుంచె చాపింది. "రేపు తెల్లారి రా."

"మమ్మల్ని రానిస్తారేటి?"

"గోడే లేదు కదా, ఎవులాపుతారు?"

ఎలీషా చూస్తూనే ఉన్నాడు. గౌరి వెళ్ళాక దగ్గరికొచ్చాడు. "సంఘంలో లేనోళ్ళని వరసలో నిలబెడితే పెద్దలు ఊరుకుంటారేటే?"

"పెద్దవి నువ్వే కదా మావా."

"అదేనే నా బాధ," అని తల గోక్కుంటూ పోయాడు.

ఆదివారం వెలుగు రేకలు విచ్చుకునే వేళకి తోట నిండా కొవ్వొత్తులు. స్వర్ణా, గౌరీ ఆ చిన్న దిబ్బకి చెరోవైపు నిలబడ్డారు. పక్క వరసలో ఎవరో గుసగుసలాడారు. స్వర్ణ చూపు వేపచెట్టు వైపు పోయింది, వెనక్కొచ్చింది, మళ్ళీ పోయింది. అక్కడ అమ్మ ఒంటరిగా ఉందేమో.

పాస్టరు జేమ్స్ గారు వచ్చి ఆగారు. "జ్ఞానసుందరి," అని చదివి, గౌరి చేతిలో కొవ్వొత్తిని చూసి ఆశ్చర్యపోయారు. "నీవాళ్ళ పేరేమిటమ్మా?"

"బాబండి. పేరు పెట్టనేదండి. అంతలోనే పోనాడు."

ఆయన ఎలీషా వైపు తిరిగారు. ఎలీషా దగ్గాడు. అందరి చూపులూ తన మీదే ఉన్నాయని తెలిసి మరోసారి దగ్గాడు.

"గౌరి కొడుకు అని సదవండయ్యా," అన్నాడు, విసుగ్గా. "పైనోడికి తెల్దేటి?"

పాస్టరుగారు చదివారు. గౌరి ఒక్కసారిగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నదివైపు నుంచి గాలి విసిరింది. స్వర్ణ చూపు ఇంకా దిబ్బల మీద తిరుగుతూనే ఉంది. కాళ్ళు మాత్రం కదలలేదు.

"అక్కా, నీ కొవ్వొత్తి ఆరిపోనాది," అంది గౌరి, కళ్ళు తుడుచుకుంటూ. "ఇటు పెట్టు."