గండయ్య చేతిలో మేడ

ప్రపంచంలోకెల్లా ఎత్తైన మేడల్లో మూడోది కాబోయే మేడ ఏడాదిపాటు గండయ్య చేతిలోనే ఉండేది. శామీర్‌పేట రోడ్డు పక్కన కంపెనీవాళ్ళు నిలబెట్టిన బోర్డు మీద మూడు బొమ్మలుండేవి. ఒకటి దుబాయ్‌లో లేస్తున్నది, రెండోది తైపేలో ఉన్న నూటొక్క అంతస్తులది, మూడోది మనది. మొదటి రెండింటికీ పునాదులున్నాయి. మనదానికి ఓ రేకుల షెడ్డు, కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు, ఒక పెద్ద నారింజ రంగు బెలూన్ ఉన్నాయి.

మేడ ఏదని అడిగినవాళ్ళకు బెలూన్ చూపించాలి. ‘అదిగో, మీ ఇల్లు అక్కడిదాకా వస్తుంది’ అనాలి. అందుకని తాడుకు అంతస్తుకో గుడ్డపీలిక కట్టారు. కొనేవాళ్ళు ఏ అంతస్తు అంటే ఆ పీలిక దాకా తాడు వదలడం గండయ్య ఉద్యోగం. ముప్పయ్యో అంతస్తుకు తాడు అయిపోయేది. ఆపైన మేనేజరు శ్రీనివాస్ వేలు పెట్టి చూపించేవాడు, జనం తలలెత్తి చూసి సంతకాలు పెట్టేవాళ్ళు.

గండయ్య ఆ పనిలో చేరింది జీతం కోసం కాదు. "మేడ లేసినంక లిఫ్టుల కుర్సీ నీదే" అన్నాడు శ్రీనివాస్. గండయ్య జన్మలో లిఫ్టెక్కలేదు. అయినా స్టూలు మీద కూర్చుని మీట నొక్కుతూ దొరల్ని మబ్బుల్లోకి మోసుకుపోతున్నట్టు పగలే కలలొచ్చేవి. అతని ఊరు రావల్‌కోల్‌లో ఈ సంగతి తెలియనివాడు లేడు. ఊళ్ళో అప్పుడే లిఫ్టు గండయ్య అని పేరు పెట్టేశారు. ఆ పేరుతో పిలిస్తే రెండోసారి పిలిచేదాకా పలికేవాడు కాదు, ఇంకోసారి వినాలని.

అతని భార్య బుచ్చవ్వకు మాత్రం ఒళ్ళు మండేది. "కొట్టం మీద రేకులు గాలికి ఎగిరిపాయె. బర్రె తడుస్తాంది. గది సూడవు, ఎప్పుడు జూసినా ఆకాశమే సూస్తవ్."

"లిఫ్టుల కూసున్నంక కొత్త రేకులేపిస్త తియ్."

బెలూన్‌కు పక్కా భక్తుడు రాజారావు. సికింద్రాబాద్‌లో ఉద్యోగం, యాప్రాల్‌లో అద్దెకాపురం, భీమవరం నుంచి వచ్చిన మనిషి. పీఎఫ్ అంతా ఊడ్చి యాభై ఎనిమిదో అంతస్తులో ఫ్లాటు బుక్ చేశాడు. ప్రతి ఆదివారం భార్య అమ్మడును తీసుకొచ్చి ఇల్లు చూపించేవాడు.

"గండయ్యా, ఇంకాస్త వదులు."

"తాడు అయిపోయింది సార్."

"పర్లేదులే, మాది ఇంకా చాలా పైన" అనేవాడు రాజారావు. తాడు చాలకపోవడమే ఆయనకు గొప్ప. అమ్మడు పైకి చూసేది కాదు, తల తిరుగుతుందని. "వడియాలు ఎక్కడ పెట్టుకోవాలండీ, అంత గాల్లో?" అని నేలచూపులు చూస్తూ అడిగేది.

రెండువేల ఎనిమిది దసరా దాటేసరికి భూముల ధరలు దబ్బున పడ్డాయి. ఓ సోమవారం గండయ్య వచ్చేసరికి ఫ్రిజ్జు లేదు, కుర్చీలు లేవు, శ్రీనివాస్ ఫోను మోగలేదు. బెలూన్ ఒక్కటే మిగిలింది. ఎవరూ దింపమనలేదు గనక గండయ్య దింపలేదు. తాడు పట్టుకునే కూర్చున్నాడు. కొన్నాళ్ళకు గ్యాసు పోయి మేడ తనంతట తానే కిందికొచ్చింది. చుట్టచుట్టి ఇంటికి తెస్తే, బుచ్చవ్వ ఒక్కమాట అడగకుండా మేకులు కొట్టి పశువుల కొట్టం మీద కప్పేసింది. ఆ వారం వానలకు బర్రె తడవలేదు.

ఆ తర్వాత ఓ సాయంత్రం రాజారావు ఊళ్ళో గండయ్య ఇల్లు కనుక్కుంటూ వచ్చాడు. నారింజ రంగు కొట్టం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మా ఆవిడకు తెలియదు గండయ్యా. కంపెనీ పోయిందని చెప్పడానికి నోరు రావట్లేదు. ఆదివారం వాళ్ళ అక్కకు ఇల్లు చూపిస్తానంటోంది. ఒక్కసారి ఎగరేద్దాం. గ్యాసు నేను తెస్తాను."

గండయ్యకు జాలేసింది. అంతకన్నా ఎక్కువగా ఆశ పుట్టింది. బెలూన్ లేస్తే ఎవరైనా చూస్తారు, చూస్తే శ్రీనివాస్ చెవిన పడుతుంది, పడితే కుర్చీ మళ్ళీ వస్తుంది. బుచ్చవ్వ తిడుతుండగానే మేకులు పీకేశాడు.

ఆదివారం రోడ్డు పక్క పాత చోటే మేకుల చిల్లులకు సైకిల్ పంక్చరు అతుకులు వేసి గ్యాసు నింపారు. బెలూన్ మెల్లగా లేచింది, రేకుల షెడ్డు దాటింది, రెండో పీలిక దగ్గర ఆగిపోయింది. గండయ్య తాడు ఎంత వదిలినా అది అంగుళం కదల్లేదు. దాని పొట్టకు ఎండిన పేడ అంటుకుని ఉంది.

అమ్మడు అక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "యాభై ఎనిమిదో అంతస్తు అన్నారు కదండీ మరిది గారూ?"

రాజారావు మొహం చూడలేక గండయ్య తాడు వైపు చూశాడు.

అప్పుడు అమ్మడు మొదటిసారి తలెత్తి బెలూన్ చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. ఆ చూపుతో గండయ్యకు అర్థమైంది, ఈమెకు ముందే అంతా తెలుసని.

"అది ముందు మాటక్కా" అంది అమ్మడు తేలిగ్గా. "నాకు పైన కళ్ళు తిరుగుతాయి కదా. నేనే పోరుపెట్టి రెండో అంతస్తుకు మార్పించాను. కంపెనీవాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవని మేడనే రెండంతస్తులకు కుదించేశారట."

రాజారావు జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఎంతకీ ఆ తుడవడం పూర్తవలేదు. గండయ్యకు ఆ తల్లి కాళ్ళు మొక్కాలనిపించింది.

"పోన్లే, అందుబాటులో ఉంటుంది" అంది అక్క. "లిఫ్టు పెడుతున్నారా?"

"రెండంతస్తులకు లిఫ్టెందుకక్కా, దండగ! మెట్లు చాలు."

కంపెనీ ఎత్తిపోయిన రోజున కూడా చలించని గండయ్యకు ఆ మాటతో గుండె కలుక్కుమంది. కాదనడానికి నోరు తెరిచాడు. రాజారావు తడి కళ్ళు కనబడి ఊరుకున్నాడు. మేడ మీద మబ్బు కమ్ముకొస్తోంది.

"ఇగ దించుతున్న సార్" అన్నాడు, తాడు చుట్టుకుంటూ. "ఇంటికాడ బర్రె తడుస్తది."