నలభై నాలుగో చార

సాయంత్రం టీ తాగినంక కాశిబుగ్గలోని ఆ ఇంట్లో రెండు పనులు ఒక్కసారే మొదలయ్యేవి. మొగిలమ్మ మగ్గమెక్కి జంపఖానా నేసేది. కోడలు సుకన్య పక్కనే పీటేసుకుని, ఫోన్‌లో విన్న ఇంగ్లీషు శబ్దాలు ఒక్కొక్కటే పలికేది. సరిగ్గా పలికితే ఆ శబ్దం నోట్లోంచి రంగు నూలై వచ్చేది. తప్పు పలికితే దూదిపింజ రాలేది. నూలును మొగిలమ్మ కండెకు చుట్టి, శబ్దానికో చార నేసేది. నూలు గట్టిదేనా అని తప్ప ఇరుగుపొరుగు ఇంకేమీ అడగలేదు.

డిగ్రీ చదివి కూడా సుకన్య హనుమకొండలో ఒక బడిలో మూడేళ్లుగా ఆయా. ఇప్పుడు నర్సరీ టీచర్ పోస్టు ఖాళీ అయింది. సోమవారం పెద్దమేడం ముందు పాఠం చెప్పాలి, నలభై నాలుగు శబ్దాలూ పలకాలి. నలభై మూడు వచ్చాయి. జెడ్ శబ్దం ఒక్కటి మొండికేసింది.

ఆదివారం సాయంత్రానికి గదినిండా పింజలే.

"నాతోని కాదు అత్తమ్మా. ఆయాగనే ఉంట," అని ఏడుస్తూ సుకన్య కత్తెర తీసింది. జంపఖానాను మగ్గం మీంచి కోసెయ్యబోయింది.

మగ్గమెక్కితే మొగిలమ్మ మాట్లాడదు. అతకాల్సిన పోగు ఎప్పుడూ పెదాల మధ్యే ఉంటుంది. ఆ రోజు పోగు ఉమ్మేసింది.

"జర ఆగు బిడ్డా."

ఆమె నోట్లోంచి కుంకుమరంగు నూలు జారి ఒళ్లో పడింది.

సుకన్యకు సిగ్గేసింది. ఆ 'జర'లోని 'జ'యే జెడ్ శబ్దం; ఆ మాట తను పుట్టి పెరిగిన మాటే. కాలేజీలో ఎవరో నవ్వారని 'జర' మానేసి 'కొంచెం' అనడం నేర్చుకుంది. ఏం చదువో ఏమో, ఇంట్లో ఉన్నదాన్ని పారేసి ఫోన్‌లో వెతుక్కుంది.

"జర," అంది మెల్లగా. పళ్ల వెనక తుమ్మెద తిరిగినట్టు గుయ్యిమంది. నూలొచ్చింది. అత్తాకోడళ్లు జర, జర అని నవ్వుకుంటూ కండె నింపేశారు. దీపాలు పెట్టేలోపే మొగిలమ్మ చివరి చార నేసేసింది.

సోమవారం సుకన్య తరగతిలో జంపఖానా పరిచింది. "జర దగ్గరికి జరగండి," అంది పిల్లలతో. ఎవరు ఏ చార మీద కూర్చుంటే ఆ శబ్దం వాళ్ల నోట చక్కగా పలికింది. చూసి చూసి పెద్దమేడం కూడా చెప్పులు విడిచి, కుంకుమ చార మీద కాస్త చోటు చేసుకుని కూర్చుంది.

సాయంత్రం సుకన్య సంచినిండా రంగురంగుల నూలుతో ఇంటికొచ్చింది. ముప్పైమంది పిల్లల నోటిది, పెద్దమేడందీను.

"అత్తమ్మా, ఖాళీ కండెలు ఎన్నున్నయి?"

మొగిలమ్మ సంచిలో చెయ్యి పెట్టి చూసింది. కళ్లు తుడుచుకుంది.

"సరిపోవు. జర పక్కింటికి పోయి తీస్కరా, టీచరమ్మా."