చూడాల్సినవాళ్లు

మంచాన పడ్డ తండ్రికి కూతురు స్నానం చేయించడం. పావుగంట సినిమాలో కథ అంతే. తీసిన అమ్మాయి పగలంతా పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతోంది. ఇంట్లోవాళ్లు ఆమెను డైరెక్టరమ్మ అంటారు, సగం ముద్దుగా, సగం వెటకారంగా. పోటీలకు పంపితే ఒక్కరూ తీసుకోలేదు. నెట్‌లో పెడితే చుట్టాలే చూశారు, వాళ్లూ మధ్యలోనే జారుకున్నారు. కనిపించినవాళ్లందరికీ లింకు పంపీ పంపీ ఆమెకే విసుగొచ్చింది.

"ఇంతకీ ఎవరి కోసం తీశావ్?" అనడిగాడు బావ.

"అందరి కోసం."

"ఎండా వానా తప్ప అందరికీ పనికొచ్చేది నేనైతే చూళ్లేదు మరదలా!"

ఆస్పత్రిలో నర్సుగా చేసే అక్క తన మొగుడి కేసి గుర్రుగా చూసింది. "ఆదివారం మా దగ్గరికి పట్రా. ఇంట్లో రోగుల్ని చూసుకునేవాళ్లు మా ఫిజియోథెరపీ గదిలో కలుస్తుంటారు. వాళ్లకి చూపిద్దాం."

"రోజూ చేసే చాకిరీనే మళ్లీ గోడ మీద చూడాలా పాపం?" అని నసిగింది చెల్లెలు.

"ముందు పట్రావే."

ఆదివారం ఆ గదిలో నడక నేర్పే కడ్డీలను పక్కకు జరిపి కుర్చీలు వేశారు. సినిమాలో తండ్రి కూతురి మొహాన నీళ్లు చిమ్మగానే అందరూ ఘొల్లుమన్నారు. "మా ఆయనా అంతే!" అందొకావిడ. అక్కడ నవ్వొస్తుందని డైరెక్టరమ్మ కలలో కూడా అనుకోలేదు. ఇంతలో ఒక బస్సు డ్రైవరు లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆమె ప్రాణం ఉసూరుమంది.

ఆట అయ్యాక చూస్తే వరండాలో బల్ల మీద కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"నచ్చలేదా అన్నా?"

"నచ్చకేమమ్మా. కానీ నాకెందుకిది? మా తమ్ముడు చూడాలి. ఫోన్ చేసి 'నాన్నెలా ఉన్నాడ్రా' అంటాడు. బాగున్నాడంటాను. ఇంకేం చెప్పడానికీ నోరు రాదు. ఇది పంపితే ఆ చెప్పేదేదో ఇదే చెబుతుంది."

వెనకే ఇంకొందరు వచ్చి లింకు అడిగారు. ఒకరు ఆడపడుచుకు పంపాలన్నారు, ఒకరు కొడుక్కి. తన కోసమని ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి ఆమె సినిమా కింద రాసుకున్న 'మానవ సంబంధాల కవితాత్మక ఆవిష్కరణ' అన్న ముక్కను తీసిపారేసింది. దాని బదులు ఇలా రాసింది: 'మీ ఇంట్లో మంచాన పడ్డవాళ్లున్నారా? వాళ్లను చూసుకుంటున్నది మీరు కాదా? అయితే ఇది మీకే.'

చూసేవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు తిట్టిపోశారు కూడా. మాకు నీతులు చెప్పడానికి నువ్వెవరన్నారు. జవాబిచ్చే ఓపిక ఆమెకు లేకపోయింది. కొన్నాళ్లకు డ్రైవరు ఫోన్ చేశాడు.

"మా తమ్ముడు చూశాడమ్మా. నన్ను దెప్పడానికే పంపావా అని నానా మాటలూ అన్నాడు."

"అయ్యో! నా వల్ల మీ ఇద్దరికీ..."

"విను తల్లీ. తిడితే తిట్టాడు గానీ, నిన్న వచ్చాడు. వాణ్ని నాన్న దగ్గర కూర్చోబెట్టి పక్కగదిలో ఒళ్లు తెలీకుండా పడుకున్నా. అలా నిద్రపోయి ఎన్నాళ్లైందో!"

ఫోన్ పెట్టేసి ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. నవ్వబోతే తనకూ హాయిగా ఆవులింత వచ్చింది.