తేడా చూడనివాళ్ళు

ఒక్సున్ ముందుగా కుట్టుమిషను తలకాయని పాత దుప్పట్లో చుట్టి సంచి అడుగున పెట్టింది. చుట్టూ మిగిలిన సందుల్లో సూదుల పొట్లాలు, దారపు ఉండలు, జ్వరం మాత్రలు కూరింది. ఓడెక్కి వస్తే ఉత్తర కొరియాలో అన్నీ ఉచితంగా ఇస్తారని ఇక్కడి కొరియా సంఘంవాళ్ళు చెప్పారు. అన్నీ ఇచ్చేచోటికి ఇవన్నీ ఎందుకని ఆమె ఎవరినీ అడగలేదు. సర్దుతూనే ఉంది.

తోమియే గుమ్మంలో చెప్పులు విడిచి, ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చి కూర్చుంది. ఆమె జపాను మనిషి. గోడకి అవతలి వాటాలో ఉంటుంది. యుద్ధం అయిపోయిన దగ్గర్నించీ ఆ ఇద్దరు విధవలూ ఒకే కుళాయి దగ్గర బియ్యం కడిగారు, ఒకే బల్ల ముందు కూర్చుని ప్లాస్టిక్ చెప్పులకి జిగురు పూశారు. ఒసాకాలో కొరియావాళ్ళకి బయటి జనం కోసం ఒక జపాను పేరు ఉండడం మామూలే. ఒక్సున్ ఆ వీధికి తమాకో.

"నీకేమైనా మతి పోయిందా తమాకో? మీది దక్షిణాన ఎక్కడో చేజు దీవి. ఆ ఓడ పోయేది ఉత్తరానికి. దారి తప్పినా మీ ఊరు తగలదు."

"తెలుసక్కా. నాకు చదువు రాదుగానీ దిక్కులు వచ్చు."

"మరెందుకు పోవడం?"

ఒక్సున్ కూతురి వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళ మిత్సుకో గోడ వైపు తిరిగి బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టిందే మళ్ళీ విప్పి మడతపెడుతోంది.

వంతెన పక్క బట్టల కొట్లో ఆ పిల్లకి పని చూసిపెట్టింది తోమియేనే. అక్కడి మేనేజరు, పోయిన ఆమె భర్తకి తెలిసినవాడు. దరఖాస్తు మీద పిల్ల తమ ఇంటిపేరు పాక్ అని రాయబోతుంటే తోమియే చెయ్యి పట్టుకుని ఆపింది. "మీ జపాను ఇంటిపేరు అరాయి అని రాయవే. లేని తేడా నువ్వే ఎందుకు తెచ్చిపెట్టుకుంటావు? నేను మిమ్మల్ని ఏనాడైనా కొరియావాళ్ళనుకున్నానా?" అంది. ఎంతో ప్రేమతోనే అంది. పని బాగానే సాగింది. నెల తిరక్కుండానే కొట్టువాళ్ళు జపాను పౌరులకే ఉండే కుటుంబ రిజిస్టరు నకలు తెమ్మన్నారు. ఒసాకాలోనే పుట్టిన మిత్సుకో దగ్గర ఉన్నది విదేశీయులకిచ్చే కార్డు. మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆ వారమే పిల్ల వెళ్ళి, ఓడకి తమ పేర్లు రాయించి వచ్చింది.

"ఆ పని తిరిగిస్తే ఈ సంచి ఇప్పుడే విప్పేస్తాను," అంది ఒక్సున్. "పుట్టింది ఇక్కడ. దానికి మా మాటే సరిగా రాదు. నువ్వొచ్చి ఆయనతో ఒక్క మాట చెప్పక్కా. వీళ్ళు కొరియావాళ్ళని తెలిసే పంపాను, ఆ పేరు రాయమన్నది నేనే, అని చెప్పు. చాలు."

"దానికేం భాగ్యం! పద. నువ్వూ లేవే మిత్సుకో, ముఖం కడుక్కో."

మేనేజరు మర్యాదస్తుడు. ముగ్గురికీ టీ తెప్పించాడు. తోమియే నడుము వంచి దణ్ణం పెట్టింది.

"మా ఇంటి పిల్లలాంటిదండీ. కొరియా, జపాను అని నేనెప్పుడూ చూడలేదు. తమరూ చూడకండి."

"అయ్యో, మేం మాత్రం చూస్తామా అమ్మా!" నిజంగానే నొచ్చుకున్నాడు ఆయన. "మా కొట్లో అలాంటి తేడాలు లేవు. మాకు ఎవరైనా ఒకటే. మేం కొరియా పిల్లని పంపెయ్యలేదు, తనది కాని పేరు రాసిన పిల్లని పంపేశాం. జపాను పిల్ల రాసినా అంతే."

"నా పేరు రాస్తే తీసుకునేవారా?" అంది మిత్సుకో.

ఆయన పిల్ల వైపు చూడలేదు. తోమియేతో, "చూశారా? మనం అనకపోయినా వీళ్ళే ఆ మాట ఎత్తుతారు," అన్నాడు.

తోమియే గుర్తుపట్టింది. అది తన మాట. ఇన్నేళ్ళూ కుళాయి దగ్గర, జిగురు బల్ల దగ్గర తను అంటూ వచ్చిన మాటే. ఆయన నోట అదే నవ్వుతో వచ్చింది.

"ఇంతకీ ఆ పేరు రాయమన్నదెవరు?" అని అడిగాడు.

ఒక్సున్ ఆమె మోచెయ్యి మెల్లిగా తాకింది. చెప్పాల్సింది ఇప్పుడే. నేనే అంటే, ఎందుకు రాయించావంటాడు. పాక్ అని రాస్తే ఈ కొట్టు గుమ్మం ఎక్కనివ్వరని తెలిసి రాయించాను అనాలి. మొదటి నుంచీ తెలుసు అనాలి. చూడలేదు చూడలేదంటూ తను చూస్తూనే ఉంది.

తోమియే టీ కప్పులోకి చూసింది.

"చిన్నపిల్ల కదండీ," అంది. "తెలియక రాసుంటుంది."

మిత్సుకో లేచి, మేనేజరుకి పద్ధతిగా నడుము వంచి, బయటికి వెళ్ళిపోయింది.

ముగ్గురూ కాలవ గట్టు వెంట ఇంటి దారి పట్టారు. సగం దారిలో ఒక్సున్ అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"నువ్వు మంచిదానివక్కా. ఆయనా మంచివాడే. మేం కొరియావాళ్ళమని ఈ ఊళ్ళో ఎవరికీ కనపడదు. అందుకే మమ్మల్ని తరుముతున్నదీ ఎవరికీ కనపడదు."

"రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి చెప్తాను తమాకో. ఒట్టు, చెప్తాను."

"రేపు ఓడరేవుకి మా రైలక్కా."

స్టేషనులో సాగనంపడానికి సంఘంవాళ్ళ బ్యాండు మేళం వాయిస్తోంది. జెండాలు, రంగు కాగితాలు, ఏడుపులు. ఏ పెళ్ళివారో తరలిపోతున్నట్టుంది. తోమియే అన్నం ముద్దలు మూట కట్టి తెచ్చింది. కిటికీలోంచి మిత్సుకో అందుకుంది. "నీ మోకాళ్ళు జాగ్రత్త పెద్దమ్మా. చలిలో జిగురు బల్ల దగ్గర కూర్చోకు," అంది. రైలు కదిలాక కూడా తోమియే ఏదో చెబుతూనే ఉంది. మేళంలో ఎవరికీ వినపడలేదు.

ఓడ 1960 మార్చిలో నీగాటా రేవు వదిలింది. రెండేళ్ళపాటు మిత్సుకో ఉత్తరాలు వచ్చాయి. తర్వాత రాలేదు. ఒక్సున్ 1974 చలికాలంలో అక్కడే పోయిందని వేరే కుటుంబంవాళ్ళ ద్వారా తెలిసింది. మిత్సుకో తిరిగి రాలేదు. 1991లో తోమియే పోయేదాకా రాలేదు. ఆ తర్వాతా రాలేదు.